దారం కట్టిన చోట

బండి మీద కప్పిన చీర తీయగానే శ్యాంసుందర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇంజను పైభాగాన, వాల్వులను కప్పే ట్యాపెట్ మూత బోల్టుకు, ఎర్ర దారం మళ్లీ కట్టి ఉంది.

ఈ వారం మొదటిసారి చీర తీసి చూసినప్పుడు ఎక్కడి నుంచో ఎగిరొచ్చి చిక్కుకుందనుకున్నాడు. మరమగ్గాల ఊరు జోల్వాలో దారం లేని చోటంటూ ఉండదు. నీళ్ల డ్రమ్ములో, అన్నం గిన్నెలో, పసిపిల్లల జుట్టులో కూడా పోగులే. తెంపి పారేశాడు. రెండోసారి మాత్రం ముడి చూశాడు. రెండు చుట్లు చుట్టి, మీద ఒక ఉచ్చు వేసి, కొస కిందికి వేలాడేలా వదిలిన ముడి. ఎగిరొచ్చిన దారం తనంతట తాను ముడి వేసుకోదు. ఆ ముడి అచ్చంగా తమ్ముడు రవీంద్ర వేసే ముడి. రవీంద్ర పోయి ఏడాది కావస్తోంది.

అన్నదమ్ములిద్దరూ పల్సానా అవతల ఒకే కార్ఖానాలో, ఒకే వరస సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసేవాళ్లు. పగటి పాళీ అన్నది, రాత్రి పాళీ తమ్ముడిది. పాళీ మారేటప్పుడు కూడా మరమగ్గం ఆగదు. ఒకడు చెయ్యి తీస్తే ఇంకొకడు చెయ్యి వేస్తాడు. ఆ మోతలో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు కాబట్టి ఆ కార్ఖానాలో మన తెలుగువాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. సాంచాలో ఎక్కడైనా తేడా కనిపిస్తే, దిగిపోయేవాడు సరిగ్గా అక్కడ ఒక దారం కట్టి పోతాడు. ఎక్కేవాడు దాన్ని చూసి, తేడా సరిచేసి, దారం విప్పేస్తాడు. దారం ఉంటే పని మిగిలి ఉన్నట్టు, లేకపోతే అయిపోయినట్టు. ఒకడు పెట్టిన సెట్టింగును ఇంకొకడు చెప్పకుండా ముట్టుకోకూడదు. అలా ముట్టుకున్నందుకు చొక్కాలు పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

బండి విషయంలోనూ ఇద్దరిదీ అదే పద్ధతి. సెకండ్‌హ్యాండ్‌లో కలిసి కొన్నారు. పొడుగు కాళ్ల అడ్వెంచర్ బండి, ఒంటి సిలిండరుది. దాని మీద సాపుతారా కొండల ఘాటు రోడ్డు ఎక్కాలని రవీంద్ర కోరిక. పొట్టివాడైన శ్యాంసుందర్ సిగ్నలు దగ్గర మునివేళ్ల మీద నిలబడి దేవుణ్ణి తలుచుకునేవాడు. ఆ కొండలెక్కే బండి కార్ఖానాకూ ఇంటికీ తప్ప ఎటూ పోయింది లేదు. పొద్దున అన్న దాని మీద పోతే, అదే బండి మీద తమ్ముడు ఇంటికి వచ్చేవాడు. సాయంత్రం తమ్ముడు తెస్తే అన్న తీసుకుపోయేవాడు. గేటు దగ్గర తాళంచెవి చేతులు మారేది, మాటలు ఉండేవి కావు. సీటు మీద ఒకడి వెచ్చదనం పోకముందే రెండోవాడు కూర్చునేవాడు. ఇప్పటికీ సాయంత్రం గేటు దాటేటప్పుడు శ్యాంసుందర్ చెయ్యి తాళంచెవి కోసం దానంతటదే చాచుకుంటుంది. అందుకని ఆ చేతిని జేబులో దూర్చుకుని నడుస్తాడు.

ఆ బండికి ఒక్కటే లోపమని అతనికి అనిపించేది. ఇంజనులోంచి సన్నగా టక్ టక్ మని చప్పుడు. సాంచా మనిషికి టక్‌మన్న చప్పుడంటే ఒళ్లు మండుతుంది. ఎక్కడో ఏదో వదులైంది, కాసేపట్లో విరిగి మొహాన కొడుతుంది అని దాని అర్థం. ఒక సెలవు రోజున ఫోన్‌లో వీడియో పెట్టుకుని తానే రిపేరుకు దిగాడు. ఇంజను పూర్తిగా చల్లారాలనీ, వాల్వు దగ్గర సందును గేజీ రేకుతో కొలిచి పెట్టాలనీ వీడియోలో మనిషి హిందీలో మొత్తుకున్నాడు. అప్పుడే బజారు నుంచి వచ్చిన ఇంజను కాలుతోంది. అది చల్లారిందెప్పుడు గనక? చెవులుండగా గేజీ దేనికి? చప్పుడు పూర్తిగా మాయమయ్యేదాకా మర బిగించి, తమ్ముణ్ణి పిలిచి వినిపించాడు.

"ఇన్నవా? నూనె పోసినట్టు లేదూ?" అన్నాడు. ఆ రోజు తనకు చాలా గర్వంగా ఉండింది.

ఆ వారమే, ఊరి నుంచి బస్సులో వస్తున్న తల్లి ఎల్లవ్వను తీసుకురావడానికి రవీంద్ర కామ్‌రేజ్ వెళ్లాడు. హైవే మీద డివైడరు సందులో మలుపు తిరగబోతుంటే బండి ఆగిపోయింది. దాన్ని తోసుకుంటూ పక్కకు తెస్తున్న మనిషిని వెనక నుంచి ట్రైలరు కొట్టింది. బండికి హ్యాండిల్ వంగి, ఒక అద్దం పగిలింది. రవీంద్ర అక్కడే పోయాడు. ఎల్లవ్వ సంచులు పట్టుకుని ఇంకో మలుపు అవతల కొడుకు కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంది.

బండి నడిరోడ్డు మీద ఆగిపోయిందని అక్కడి టీకొట్టువాడు చెప్పిన మాట శ్యాంసుందర్ చెవిలో కూర్చుంది. ఎందుకు ఆగింది? ప్లగ్గు కావచ్చు, వైరు కావచ్చు. ట్యాపెట్ మూత విప్పి చూస్తే తేలిపోతుంది. అతను విప్పలేదు. పోలీసులు వదిలిన బండిని మెట్ల కింద పెట్టి, మచ్చపడిన కార్ఖానా చీర ఒకటి కప్పి, అటు చూడకుండా ఏడాది గడిపాడు.

ఇప్పుడు చూడక తప్పేలా లేదు. రవీంద్ర భార్య భాగ్యలక్ష్మి తన తమ్ముడు వినోద్‌కు బండి ఇస్తానంది. వినోద్ అడాజన్‌లో సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేస్తాడు, ఆదివారం వచ్చి తీసుకుపోతాడు. తమ్ముణ్ణి తన చెయ్యే చంపిందో కాదో తెలియకుండా మనిషి ఎలాగోలా బతికేయవచ్చు. అదే బిగింపుతో ఇంకొకణ్ణి హైవే మీదికి తోలడం మాత్రం శ్యాంసుందర్ వల్ల కాలేదు.

దారం తల్లి కంట కూడా పడింది. "నా కొడుకు ఏదో అడుగుతున్నడురా," అంది ఎల్లవ్వ, గుమ్మంలో కూర్చుని. "ఉట్టిగ రాడు వాడు. ఆ బండిల ఏమున్నదో జర సూడు."

"గాలికి చిక్కుకున్నదే అవ్వా."

"గాలి ముడులేస్తదా?"



శనివారం పొద్దున పనికి పోకుండా పాత గోనెపట్టా పరిచి బండి ముందు కూర్చున్నాడు. ఈసారి గేజీ కొని తెచ్చుకున్నాడు. సీటు ఊడదీశాడు, కంపుకొడుతున్న పాత పెట్రోలు వంపేసి ట్యాంకు దించాడు. ఇంజను మీద చెయ్యి పెట్టాడు. ఆ ఇనుమును అతను ఎన్నడూ చల్లగా ముట్టుకోలేదు. ఆసుపత్రిలో తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడు తెలిసిన చల్లదనం అది. చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు, భయం వేసింది, భయమేసిందని ఒప్పుకున్నాడు.

భాగ్యలక్ష్మి రెండు గ్లాసుల్లో చాయ తెచ్చి మెట్టు మీద కూర్చుంది. లోపలికి పోతుందేమోనని చూశాడు. పోలేదు.

ఎర్ర దారం విప్పి పట్టా మీద పెట్టాడు. మూతలు తీశాడు. ప్లగ్గు తీసి, పక్కనున్న చిన్న కిటికీలో గుర్తు కనపడేదాకా ఇంజనును పానాతో మెల్లగా తిప్పాడు. గాలి లోపలికి పోయే వాల్వు దగ్గర రేకు కొంచెం పట్టుగానైనా దూరింది. పొగ బయటికి పోయే వాల్వు దగ్గర దూరలేదు. ఇంకా పల్చటి రేకు పెట్టాడు, దూరలేదు. గేజీలో అన్నిటికన్నా పల్చనిది పెట్టాడు, అది వంగిపోయింది. అక్కడ సందన్నదే లేదు.

ఇనుము వేడికి ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటివ్వకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇంజను దమ్ము కోల్పోయి ఆగిపోతుంది. దగ్గరి దూరాలు తిరిగితే ఆ సంగతి అంతగా తెలియదు. కామ్‌రేజ్ దాకా నడిచి కాలిన ఇంజనుకు తెలుస్తుంది. తాను జబ్బనుకుని నొక్కేసిన ఆ టక్ టక్, ఇంజను ఆరోగ్యంగా ఉందని చెప్పే చప్పుడు.

"నేనే బిగించిన భాగ్యా," అన్నాడు, తల ఎత్తకుండా. "నా చెయ్యే."

"తెలుసు బావా." ఆమె గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఉంది. "ఆ దారం గూడ నేనే కడుతున్న."

అతను తలెత్తాడు. "నువ్వా? నోటితోని చెప్పరాదా మరి?"

"ఎట్ల చెప్పాలె? మీరు చేసింది తప్పని మీ మొఖం మీద నేను ఎట్లనాలె? ఆయనే అనలేదు. వేడెక్కినంక బండి ఆగుతుందని, పోయే ముందటి దినం నాతోని అన్నడు. అన్న పెట్టిన సెట్టింగు, నేను ముట్టుకోను, సాయంత్రం దారం కట్టి ఇస్త అన్నడు. గా ముడి ఎట్లెయ్యాల్నో పెండ్లైన కొత్తల నాకు గూడ నేర్పిండు."

శ్యాంసుందర్‌కు ఏ దారమూ గుర్తురాలేదు.

"తెల్లారి పాళీ దిగి వచ్చి, చాయ తాగుకుంట సంబురపడ్డడు," ఆమె చెప్పుకుపోయింది. "అన్న సూసిండే, దారం తీసిండు, ఇగ ఫికర్ లేదు, పోయి అవ్వను తెస్త అన్నడు. గట్లనే పోయిండు. మీరు సూసి, సరిచేసి, దారం తీసినంక గూడ బండి ఎట్ల ఆగింది బావా? ఏడాది సంది గదే నా మనసుల తిరుగుతున్నది. మళ్ల కడితే మీరు మళ్ల సూస్తరు, ఏం తప్పు పోయిందో చెప్తరు అనుకున్న."

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ పొద్దున బయల్దేరేముందు, రోజూలాగే, చిందీ పేలిక గుడ్డతో బండి తుడిచాడు. ఇంజను సందుల్లోని దూదీ, పోగులూ గుడ్డకు అంటుకుని వచ్చాయి. వాటిలో ఎర్రటిది ఒకటి వేలికి చుట్టుకుంటే విదిలించి పారేశాడు. ఎర్ర దారం నేలమీద పడటం ఇప్పుడు చూస్తున్నట్టే కనిపించింది. గేటు దగ్గర తాళంచెవి తీసుకుంటూ, ఏమీ లేని ఆ బోల్టు వైపు చూసి రవీంద్ర నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఏడాది తర్వాత తెలిసింది.

చిన్న అబద్ధం చాలు. సరిచేసిన, మళ్లీ ఎట్లనో బిగుసుకున్నది అంటే ఆమె నమ్ముతుంది. నమ్మడానికి సిద్ధంగానే కూర్చుంది. ఆ మాట అతని నాలుక మీదిదాకా వచ్చింది.

"నేను సూడలేదు," అన్నాడు. "గుడ్డతోని తుడిచిన. దూదితోని వచ్చింది. దారమని గూడ సూడలేదు."

"తుడిచిన్రా?"

"ఆ."

ఆమె అతన్ని చూడలేదు, పట్టా మీది దారాన్ని చూసింది. లేచి, రెండు గ్లాసులూ తీసుకుంది. అతని గ్లాసులో చాయ అలాగే ఉంది. లోపలికి వెళ్లి, చప్పుడు లేకుండా తలుపు దగ్గరగా వేసింది.

అతను ఏడ్చాడు. ఏడుస్తూనే మర వదులు చేసి, రేకు పెట్టి, అది సన్నగా పట్టి జారేదాకా సర్ది, నట్టు బిగించాడు. మళ్లీ కొలిచాడు. ఇంజను తిప్పి ఇంకోసారి కొలిచాడు. వంగిన హ్యాండిల్ సరిచేసి, అద్దం మార్చి, ట్యాంకు ఎక్కించి కొత్త పెట్రోలూ ఆయిలూ పోసి, కొత్త బ్యాటరీ పెట్టి బటన్ నొక్కాడు. చాలాసేపు దగ్గి దగ్గి, బండి లేచింది. టక్ టక్ మంటోంది. మూసిన తలుపు అవతల భాగ్యలక్ష్మికి అది వినపడుతుందని అతనికి తెలుసు.

ఆదివారం వినోద్ వచ్చి ఒక చుట్టు తిప్పి చూసుకున్నాడు. "అంతా మంచిగనే ఉంది బావా, జర టక్ టక్ అంటుంది. టైట్ కొట్టరాదు?"

"అననియ్యి. అది ఊకున్ననాడే భయపడు. గట్లయితే బండి పక్కకు పెట్టి నాకు ఫోన్ చెయ్యి. నోటితోని చెప్పు, ఏ యాళ్లయినా సరే."

వినోద్‌కు అర్థం కాకపోయినా తలూపి వెళ్లిపోయాడు. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా శ్యాంసుందర్ వింటూ నిలబడ్డాడు. లోపల భాగ్యలక్ష్మి శనివారం నుంచీ అతనితో మాట్లాడలేదు.

అతని భార్యాపిల్లలు చదువుల కోసం ఊళ్లోనే ఉంటారు కాబట్టి, అన్నం డబ్బా కట్టిచ్చేది ఎప్పుడూ భాగ్యలక్ష్మే. సోమవారం పొద్దున కూడా కట్టింది. చేతికివ్వకుండా గుమ్మం పక్కన పెట్టి లోపలికి పోయింది. కార్ఖానాకు పోయే ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాక చూశాడు. డబ్బా పిడికి ఎర్ర దారం. రెండు చుట్లు, ఒక ఉచ్చు, వేలాడే కొస.

ఆ కొస లాగితే ముడి ఊడిపోతుంది. పని ఇంకా మిగిలే ఉంది, అతను లాగలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఆ పిడిని పట్టుకోకుండా, దారం జారకుండా చూసుకుంటూ గిన్నెలు కడిగాడు. సాయంత్రం అలాగే తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముడి ఉందో లేదో చూసుకుని, డబ్బా లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున అదే దారంతో డబ్బా గుమ్మం పక్కన ఉంది.