గుప్పెడు నూకల పేరు

పెంటయ్య చేతులకు ఆముదం పట్టిస్తున్నాడు. కాశీబుగ్గ జీడిపిక్కల బట్టీలో ముప్పై ఏళ్ల పని. ఎంత ఆముదం రాసినా వేళ్ల సందుల్లో జీడిసొన నలుపు పోలేదు, అరచేతుల తోలు ఊడుతూనే ఉంది. గుమ్మంలో అతని తల్లి పైడితల్లి చేతికర్ర పక్కన పెట్టుకుని, పెంటయ్య కూతురు ప్రియ పెళ్లి శుభలేఖలకు పసుపు అద్దుతోంది. ఆవిడకు చదువు రాదు.

"ఇందల నీ పేరేదిరా? సూపించు."

పెంటయ్య గతుక్కుమన్నాడు. పక్కింటి నూకాలమ్మ ఆగుతుందా! లాక్కుని చదివేసింది. "తండ్రి సూర్యప్రకాష్ అనుంది అత్తా. ఎవుడు బావా ఈ మారాజు?"

పైడితల్లి చేతిలో పసుపు గిన్నె ఒరిగింది.

"వియ్యపోళ్లు టౌనోళ్లమ్మా. పెంటయ్యంటే నవ్వుతారు," అని గొణిగాడు. నిజానికి వాళ్లేమీ అనలేదు. బడిలో, బట్టీలో యాభై ఏళ్లుగా జనం నవ్విన నవ్వులతో, ఆ పేరు అచ్చు వేయించడానికి అతనికే మొహం చెల్లలేదు.

"నీ ముందు ముగ్గురికీ రాజుల పేర్లే ఎట్టినాను. ఒక్కుడూ నిలవనేదు. నిన్ను సేటలో ఎట్టి పెంట మీద పడుకోబెట్టినాను. నిన్నెత్తుకున్న ఆడమనిసికి గుప్పెడు నూకలిచ్చి మళ్లీ కొనుక్కున్నాను. పెంటనెవుడు ఎత్తుకుపోతాడని ఆ పేరెట్టినాను. ఇప్పుడు అచ్చేయించి ఆ యముడికి జాడ సెప్పేసినావు గదరా నాయనా!"

"ఇంకా ఆ కాలమేటమ్మా? ఊరుకో!" అని కసిరి సైకిలెక్కాడు.

బట్టీలో బాయిలరు ఆవిరి మొహాన కొడుతుంటే, కసిరిన మాటే చెవిలో తిరిగింది. ముసలిదాన్ని అంత మాట అనాలా? మధ్యాహ్నం తిండి మానేసి అచ్చాఫీసుకు పోయి, పెంటయ్య అనే మళ్లీ వెయ్యమన్నాడు. ఈ మాట చెబితే అమ్మ నవ్వుతుందని సాయంత్రం గబగబా తొక్కుకుంటూ వచ్చాడు.

ఇంటి ముందు జనం. నూకాలమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నువ్వెళ్లినకాడి నుంచీ గుమ్మం దిగనేదు బావా. గంజయినా ముట్టనేదు. పాలోడొచ్చినా, కరెంటోడొచ్చినా ఒకటే మాట. 'సూర్యప్రకాషా? ఆ పేరుగలోడు ఈ ఇంటల ఉండడు, పోండి' అని. ఇందాక సూత్తే అలగే ఒరిగిపోయుంది, పానం నేదు."

పెంటయ్య తల్లి పక్కన కూలబడ్డాడు. "అమ్మా, నాను పెంటయ్యనే. నీ పెంటయ్యనే," అని ఎన్నిసార్లు అన్నాడో. యముడు తన కోసమే వచ్చాడు, ఆవిడ అడ్డం పడింది. అలాంటివి నమ్మని పెంటయ్య ఆ పూట ఆ మాట నమ్మాడు. కాదని ఎవరు చెప్పినా వినలేదు.

నలుగురూ కలిసి ఆవిడను ఎత్తి అరుగు మీదికి చేర్చారు. గుమ్మానికి అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసకి, ఆవిడ పెట్టిన చేతికర్ర అలాగే ఉంది.