సుంకమ్మ కట్టేసిన కుళాయి

నేను ఒక ఇత్తడి కుళాయిని. కొలిమిలో కరిగి, అచ్చులో పడి, ఒంటికి మరలు కోయించుకుని, నాలాంటివాళ్లతో కలిసి గోనెసంచిలో గలగలలాడుతూ హిమాచల్ కొండల్లోని ఒక చిన్న ఊరికి చేరాను. అక్కడ రోడ్డు పనులవాళ్ల క్వార్టర్స్‌లో ఒక వంటింటి గోడకు నన్ను బిగించారు. ఆ ఇంట్లోకి ఎన్నో కాపురాలు వచ్చాయి, వెళ్లాయి. నీళ్లు వచ్చినన్నాళ్లూ నా వంక చూసినవాళ్లు లేరు. రానినాడు మాత్రం అందరూ నన్నే తిట్టారు. తప్పు కొండ మీది ట్యాంకుదైనా సరే, మాట పడేది నేనే. ఎదురుగా కనిపించేవాళ్లను తిట్టడం మనుషులకు సులువు.

ఆ తిట్లన్నీ మరిచిపోయేలా చేసిన చెయ్యి ఒకటుంది. అది సుంకమ్మది. కూతురు హేమావతికి నెలలు నిండాయని, పురుడు పోయడానికి రాయదుర్గం పక్క పల్లె నుంచి ఇంత దూరం వచ్చింది. మొదటిసారి నన్ను తిప్పి, నీళ్లు ధారగా పడుతుంటే చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. బోరింగు దగ్గర బిందె వరసలో పెట్టి, సగం జీవితం ఆ వరసలోనే గడిపిన మనిషి. కడిగిన బియ్యం నీళ్లు కూడా పారబోయకుండా మొక్కలకు మోసేది.

ఆడపిల్ల పుట్టింది. ఆ వారంలోనే చలి ముదిరింది, మంచు పడి ఊరి రోడ్డు మూసుకుపోయింది. అల్లుడు ఎర్రిస్వామి బయటి పైపుకు గోనెపట్టాలు చుట్టి, పాత కంబళి కప్పి, తాడుతో బిగించి కడుతుంటే సుంకమ్మకు నవ్వాగలేదు. తలకు గుడ్డ, చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీదున్న కూతుర్నీ, ఆ పైపునూ మార్చి మార్చి చూసింది.

"ఏం నాయనా, పైపు గూడా బాలింతైందా?" అంది. నవ్వుతూనే తన పాత చీర ఒకటి తెచ్చి, గోడ మలుపు దగ్గర తనే చుట్టింది.

అక్కడితో ఆగితే బాగుండేది. పడుకునే ముందు కుళాయిని సన్నగా కారుతూ వదిలేయాలని, కదిలే నీరు గడ్డకట్టదని అల్లుడు చెప్పాడు. ఆ మాట ఆమె చెవికెక్కింది గానీ చేతికి ఎక్కలేదు. అందరూ నిద్రపోయాక లేచి వచ్చి, నన్ను గట్టిగా కట్టేసింది. ఎంత ప్రేమగా కట్టేసిందో మీకెలా చెప్పను! వద్దని అరవడానికి నాకు నోరుంది, మాట లేదు.

తెల్లారేసరికి నా వెనక పైపంతా బిగుసుకుపోయింది. చుక్క లేదు. బిడ్డ గుడ్డలు కుప్పగా పడి ఉన్నాయి, స్నానానికి నీళ్లు లేవు. హేమావతి భయం కోపమైంది.

"నీతో కాదులేమ్మా. రోడ్డు తెరిచినాక నీ పాటికి నువ్వు ఊరికి పో," అంది.

సుంకమ్మ పొయ్యి దగ్గరికి నడిచింది. అల్లుడు చెప్పినట్టు నన్ను తిప్పి ఉంచి, పెనం మీద గుడ్డలు వేడిచేసి, నా దగ్గర మొదలుపెట్టి పైపు పొడవునా అద్దుకుంటూ పోయింది. కూతురి నడుముకు కాపడం పెట్టిన చేతులే అవి. చాలాసేపటికి నేను దగ్గాను, తుప్పునీళ్లు కక్కాను, ఆ తర్వాత ధార కట్టాను. పైపు పగలలేదు, అదృష్టం. ఆమె మాత్రం సాయంత్రం తన సంచి సర్దుకుంది. చలి తెలియనిదాన్ని, నేనుంటే మీకు ఇబ్బందేనని అల్లుడితో అంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

హేమావతి బిడ్డనెత్తుకుని వచ్చింది. "కోపంలో ఏదో అంటిని. నువ్వు పోతే నాకెవరుండారు మా? ఈపొద్దు కొళాయి నువ్వే తిప్పు."

సుంకమ్మ ఇంట్లో ఉన్న బిందెలు, గిన్నెలు, చివరికి చెంబు కూడా నా కింద వరసగా పెట్టుకుని, నన్ను సన్నగా వదిలింది. ఒకటి నిండగానే ఇంకోటి జరిపింది. అన్నీ నిండాయి. నీళ్లు పొర్లి తూములోకి పోవడం మొదలైంది. పడుకుందన్న మాటే గానీ ఆ చప్పుడుకు ఆమెకు నిద్ర పట్టలేదు. లేచి వచ్చింది. నా మీద చెయ్యి వేసింది. వేళ్లు బిగుసుకున్నాయి. అయిపోయింది అనుకున్నాను.

లోపల పసిది కదిలి, చిన్నగా మూలిగింది.

వేళ్లు వదులయ్యాయి. సుంకమ్మ నా కింద దోసిలి పట్టింది. చుక్కా చుక్కా నిండేదాకా ఓపిగ్గా ఆగి, ఒక గుక్క తాగింది. మిగిలినదంతా పోతుంటే పోనిచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లి మనవరాలి పక్కన పడుకుంది.