అన్నం ముందు ప్రార్థన

కబడ్డీ సెమీఫైనల్ చివరి రైడులో అనిల్ కుమార్‌ను ముగ్గురు కలిసి పట్టి పడేశారు. పడేటప్పుడు అతని తల వెనకభాగం ఒకడి మోకాలికి తగిలింది. ఈలల హోరులో ఆ చప్పుడు వినిపించే వీలే లేదని పక్కవాళ్ళన్నారు. షామియానా కింద కూర్చున్న సంతోషకుమారికి మాత్రం వినిపించింది.

అనిల్ లేచి, మోచేతులు దులుపుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె లేచి జట్టు దగ్గరికి నడిచింది. పదకొండేళ్ళ కిందట ఆమె భర్త దానయ్య పత్తి బేళ్ళ లారీ మీంచి పడి, ఇలాగే లేచి, దులుపుకుని, ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. అనిల్, చనిపోయిన ఆమె చెల్లెలి కొడుకు. పెంచింది ఆమే. ఆటకని అతను ఎప్పుడు బయల్దేరినా, ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేది. ఆట చూడ్డానికి పొదిలి దాకా రావడం ఇదే మొదలు.

ఫైనల్ నాలుగింటికి. జాతీయ శిబిరానికి ఒక్క రైడర్‌నే తీసుకుంటారు. ఎంపిక చేసేవాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు.

కోచ్ జక్రయ్య వచ్చి అనిల్ ఎదురుగా నిలబడ్డాడు. "కూత పెట్టరా."

ఆ జట్టులో ఎవరికి ఏ దెబ్బ తగిలినా అదే పరీక్ష. చీలమండ బెణకనీ, భుజం జారనీ, అరనిమిషం ఊపిరి తియ్యకుండా కబడ్డీ కబడ్డీ అనగలిగితే మనిషి పనికొచ్చినట్టే. అనిల్ నలభై సెకన్లు లాగాడు.

"చూశావా అక్కా? ఇంజన్‌లా ఉన్నాడు."

"ఊపిరికేం తమ్ముడూ. దెబ్బ తలకి కదా."

"ఫైనల్ అయ్యాక ఒంగోల్లో స్కాన్ తీయిద్దాం. నువ్వు భయపడి వాణ్ణి భయపెట్టకు."

భోజనాల దగ్గర అనిల్ కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ ఆహారం కోసం నీకు స్తోత్రం. వండిన చేతుల్ని దీవించు. ఆమేన్." నాలుగు ముద్దలు తిన్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని అదే ప్రార్థన మొదటినుంచీ చేశాడు.

"ఏరా, సెలెక్టర్లని చూసి భక్తి ముదిరిందా? ఒకటి అన్నానికి, ఒకటి గోంగూరకా?" అన్నాడు జట్టులోని కోటేష్.

అందరూ నవ్వారు. ఎందుకో తెలియకుండానే అనిల్ కూడా నవ్వాడు.

సంతోషకుమారి ముద్ద కంచంలో వదిలేసి జక్రయ్య వైపు తిరిగింది. "తమ్ముడూ, వాడు ఇందాక చేసింది మర్చిపోయాడు."

"ప్రార్థన రెండుసార్లు చేస్తే తప్పా అక్కా? నువ్వు నేర్పిందేగా."

 ఆమె అనిల్ జెర్సీ తీసుకుని, కుర్చీలో వేసి దాని మీద కూర్చుంది. మూడున్నరకి అనిల్ వచ్చి ఎదుట నిలబడ్డాడు.

"ఇవ్వు పెద్దమ్మా. ఇలా చేస్తావనే ఇన్నాళ్ళూ నిన్ను పిలవలేదు. ఇవాళ ఈ అవకాశం పోతే నాకు ఇంకెప్పుడూ రాదు."

ఆ మాటకు ఆమె లేచింది. జెర్సీ ఇచ్చేసింది.

నాలుగింటికి జట్టు గుండ్రంగా నిలబడి భుజాలు పట్టుకుంది. ఆట ముందు ప్రార్థన ఎప్పుడూ అనిల్‌దే.

"ప్రభువా, ఈ ఆహారం కోసం నీకు స్తోత్రం. వండిన చేతుల్ని..."

ఈసారి ఎవరూ నవ్వలేదు. జక్రయ్య కళ్ళు తెరిచాడు.

"పొద్దున ఎవరితో ఆడాంరా?" అని మెల్లగా అడిగాడు.

అనిల్ తన వేళ్ళకు చుట్టిన ప్లాస్టర్ వైపు చాలాసేపు చూశాడు.

"కోటేష్, మొదటి రైడు నువ్వెళ్ళు. అక్కా, నా కారు తీయిస్తున్నా, వాణ్ణి పట్టుకో." అన్నాడు కోచ్.

ఒంగోలు దారిలో అనిల్ అడుగుతూనే ఉన్నాడు. "సెమీస్ గెలిచామా పెద్దమ్మా?"

"గెలిచాం నాన్నా."

ప్రతిసారీ కొత్తగా చెప్పింది. అడుగుతున్నంతసేపూ మెలకువగా ఉన్నట్టేననుకుంది. చీమకుర్తి దాటాక అడగడం ఆగిపోయింది. పక్కకు తిరగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. దానయ్య కూడా ఇలాగే మాట మధ్యలో నిద్రపోయాడు.

"పెద్దమ్మా," అన్నాడు అనిల్ చాలాసేపటికి. "ఫైనల్ నేను ఆడలేదు కదూ."

తిరిగి చూసింది. అతని చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఆడలేదు నాన్నా," అంది. అతని చేయి మాత్రం ఆస్పత్రి గేటు దాకా వదల్లేదు.