శంఖం ఊదే మూతి
తుఫాను ఎగరేసుకుపోయిన బడి రేకులు ఎగ్జాంటస్ ఇంటి మీద దొరికాయి. రంగు వేసిన వైపు లోపలికి తిప్పి మేకులు కొట్టాడు దొంగ వెధవ. వాడి మంచం మీద పడుకుని పైకి చూస్తే బడి పేరు కనిపిస్తోంది.

"పిల్లల నెత్తిమీది నీడ కొట్టేస్తావట్రా, కుక్కా?" అంటూ బడి పంతులమ్మ ఇల్మరీజ్ సుత్తి కర్రతో వాడి మూతి పగలగొట్టింది. పెదవులు చిట్లి, ముందుపళ్లు రాలినా ఆమె చెయ్యి ఆగలేదు. ఊరు ఊరంతా వాడిని బయటికి ఈడ్చి తన్నింది. రేకులు పీకి బడి దగ్గర పడేసింది.

తెల్లారింది. బడికి కప్పు వెయ్యాలి. ఆ హైతీ కొండల్లో నలుగురూ కలిసి చేసే పనికి శంఖమే పిలుపు. అది మోగనిదే ఎవడూ సొంత పని వదిలి రాడు, తాతలనాటి పట్టింపు. ఊళ్లో శంఖం ఊదడం వచ్చినవాడు ఎగ్జాంటస్ ఒక్కడే.

ఇల్మరీజ్ శంఖం అందుకుని బుగ్గలు పగిలేలా ఊదింది. గాలీ ఉమ్మీ తప్ప ఏమీ రాలేదు. కొండ మీద ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

కప్పులేని ఇంట్లోంచి ఎగ్జాంటస్ రక్తం ఉమ్మి నవ్వాడు.

"ఊదక్కా, ఊదు. నీ మూతి బాగానే ఉందిగా!"