ఒక గ్లాసు తక్కువ

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందు పళ్ళ కాక్‌టెయిల్ కలపడం ఆ ఇంట్లో కోడలి పని. వారమంతా కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే చేతులు కాబట్టి, ఆమె కత్తి పట్టుకుంటే నారింజ తొన మీద తెల్లపొర కూడా మిగిలేది కాదు. అనాసపండు చిన్న ముక్కలు చేసి, దానిమ్మ గింజలు వలిచి, పుదీనా ఆకుల్ని అరచేతిలో ఒక్కసారి చరిచి, అన్నీ పెద్ద గాజు జగ్గులో వేసేది. నిమ్మరసం, రమ్ము, మంచుముక్కలు, చివర్న సోడా. "నాకు మందు ఓ మూత ఎక్కువే పడనీవే" అని అత్తగారు హాల్లోంచి కేకెయ్యడం కూడా ప్రతి ఆదివారం ఉండేదే.

ఆ జగ్గు ఎంతమంది తాగబోతారో అన్ని గ్లాసులే నింపేది. లీటరు పోసినా, రెండు పోసినా అంతే. ఒకసారి ఒక గ్లాసు ఎక్కువొస్తే ఇంకో కుర్చీ వేసి ఎదురుచూశారు. కాసేపటికి మీటరు చూసే ఆయన ఎండనపడి వచ్చాడు. ఐదేళ్ళ కిందట ఒకటి తగ్గింది. ఆ రోజు మామగారు తన వంతు రాకముందే కుర్చీలో ఒరిగిపోయారు.

ఇవాళ ఇంట్లో ఐదుగురు. అత్తగారు, లిఫ్టులు బాగుచేసే ఆమె కొడుకు, కోడలు, చుట్టపుచూపుగా వచ్చిన కూతురు, అల్లుడు. నాలుగు గ్లాసులు నిండాయి. ఐదో గ్లాసు మీద జగ్గు బోర్లిస్తే చుక్క రాలేదు.

కోడలు భయపడింది చావుకి కాదు, దొరికిపోయానని.

మెట్ల కింద, పాత గొడుగుల వెనక, ఆమె పెట్టె సర్ది ఉంది. మూడింటికి బస్సు. దుకాణం వాళ్ళు వేరే ఊళ్ళో తెరిచే కొత్త కొట్టుని ఆమెనే చూసుకోమన్నారు. ఆ మాట ఎత్తిన ప్రతిసారీ భర్త "తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ 'తర్వాత' ఎన్నడూ రాలేదు. పైగా మొన్న తనే దుకాణం యజమానురాలికి ఫోన్ చేసి, మా ఆవిడకి ఇష్టం లేదని చెప్పేశాడు. ఆ సంగతి ఆమెకి యజమానురాలి నోటి వెంటే తెలిసింది; తను వస్తున్నానని అక్కడే చెప్పేసింది. గ్లాసులు అందరి ముందూ పెట్టి, సోడా తెస్తానని వీధిలోకి వెళ్ళి, అటునుంచటే పోదామనుకుంది.

పళ్ళెంలో నాలుగే ఉండడం అందరూ చూశారు. అల్లుడు తన నాడి తనే పట్టుకున్నాడు. కొడుకు లేచి వెళ్ళి గ్యాసు కట్టేసి, మెయిన్ స్విచ్ ఆపేసి వచ్చి, సాయంత్రం డ్యూటీకి రానని ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఫ్యాను ఆగి, ఉక్కపోత మొదలైంది.

అత్తగారు మాత్రం కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ, ఇందులో తెలుసుకోవడానికేముంది, వరస నాదే కదా అంది. బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెప్పింది. ఆకుపచ్చ శాలువా కూతుర్ని తీసుకోమంది. ఆఖర్న కోడలి వైపు తిరిగి, ఈ అద్దాలు నువ్వు అరగదీసినవేనే, ఎవరికైనా పనికొస్తాయేమో చూడు అంటూ జోడు ముందుకి పట్టింది. పెదవులు పాలిపోయాయి.

కోడలు గడియారం చూసింది. రెండూ ఇరవై. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే గంటలో అసలు సంగతి వీళ్ళకే తెలుస్తుంది. కానీ ఆ గంటలోపు ఈ ముసలి ప్రాణం భయంతోనే పోయేలా ఉంది.

"ఆ తక్కువైంది మీ గ్లాసు కాదత్తయ్యా, నాది" అంది. "చావు కాదు. మూడింటి బస్సుకి వెళ్ళిపోతున్నాను."

ఎందుకో కూడా చెప్పింది. నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఇంత చిన్న సంగతి చెప్పడానికా ఇన్నాళ్ళు పట్టింది అని ఆమెకే అనిపించింది.

అత్తగారు జోడు మళ్ళీ పెట్టుకుని కొడుకుని తేరిపార చూసింది.

"ఫోన్ చేశావా?"

"చేశాను" అన్నాడు అతను, బల్ల మీది గుడ్డ చూస్తూ.

ఆమె పళ్ళెంలోంచి అతని వంతు గ్లాసు తీసి కోడలి ముందుకి జరిపింది. "తాగు. ఎండలో పోతున్నావు."

అల్లుడు వేళ్ళు మడిచి, అత్తయ్యగారూ, అయినా నాలుగే కదా అని నసిగాడు.

"నాలుగే. వీడు తాగడు. వీడు పెట్టె మోస్తాడు."

కోడలు గ్లాసు ఎత్తి అడుగున మిగిలిన అనాస ముక్కల దాకా తాగేసింది. అత్తగారు తన గ్లాసు చప్పరించి, మందు సరిపోలేదంది.

ఇద్దరూ బస్టాపుకి నడిచారు. పెట్టె బరువుకి అతను రెండుసార్లు చెయ్యి మార్చుకున్నాడు. నాలుక పిడచగట్టుకుపోయినా దారిలో ఎక్కడా ఆగలేదు. పెట్టె కింద పెట్టాక జేబులోంచి ఫోన్ తీశాడు. అవతల యజమానురాలు ఎత్తాక అన్నాడు.

"మొన్న నేను చెప్పింది అబద్ధమండీ. ఆవిడని నేను అడగనే లేదు. బయల్దేరింది, వస్తోంది."

బస్సు వచ్చింది. పెట్టె పైకి అందించి, ఎప్పుడొస్తావని అడిగాడు.

"తెలీదు" అంది ఆమె. అది నిజం. అప్పటికి ఆమెకి నిజంగానే తెలీదు.

బస్సు మలుపు తిరిగాక కూడా అతను అక్కడే నిలబడ్డాడు. ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తోచక, వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు.