బక్కమ్మ వెంట వచ్చిన దుబ్బ

ఎండకాలమంతా పొద్దు పొడవకముందే లేచి, బక్కమ్మ ఎండిన చెరువులోంచి నల్లమట్టి గంపకెత్తుకునేది. నాలుగు గంపలు తన దుబ్బచేనులో పోశాకే పటేలు ఇంటికి వెట్టికి పోయేది. పడ్డ వాన పడ్డట్టే దిగిపోయే ఎర్ర ఇసుక నేల అది. చెరువు మట్టి కలిస్తేనే తేమ నిలుస్తుంది. మొగుడు పోయిన ఏడు, ఉలవలు కూడా పండవని పటేలు ఆమెకు వదిలేసిన జాగా. పన్నెండేళ్లకు అందులో ఆముదాలు మనిషెత్తు లేచాయి.

ఆ గెలలు తెంపగానే పటేలు చేను తనదన్నాడు. ఆమె దగ్గర కాగితం లేదు. నైజాం కచేరీలో ఆమె మాట వినేవాళ్లూ లేరు. బక్కమ్మ చేనుకు దండం పెట్టింది.

"ఇన్నేండ్లు బువ్వ పెట్టినవ్ తల్లీ. సల్లగుండు."

కొత్తకోట దగ్గర తమ్ముడు ఐలేశం ఇంటికి నడిచిపోయింది.

ఐలేశం ఇంటి వెనక ఎకరం ఉంది గానీ అంతా బండే. మేకలను కట్టేయడానికి తప్ప పనికిరాదు. మూడోనాడు తెల్లారేసరికి ఆ బండ మీద పాదం మునిగేంత ఎర్రదుబ్బ పరుచుకుని ఉంది. వారానికి మోకాలి లోతైంది. బక్కమ్మ పిడికెడు తీసి చూసింది. తను పోసిన నల్లమట్టి అందులో కలిసే ఉంది. ఐలేశం మేకలను అవతల కట్టేసి, ఏం విత్తుదామని అక్కను అడిగాడు. సగం ఆముదాలు, సగం పల్లికాయ అని చెప్పింది.

కొన్నాళ్లకు పటేలు జీతగాడు సైదులు బండి కట్టుకుని వచ్చాడు. అక్కడ చేను పోయి బండ తేలిందట, దుబ్బను తోలుకు రమ్మన్నాడట. మూడుసార్లు బండి నింపాడు. మూడుసార్లూ ఊరు దాటకముందే దుబ్బ పలకల సందుల్లోంచి జారి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. బక్కమ్మ ఇచ్చిన అంబలి తాగి సైదులు మూతి తుడుచుకున్నాడు.

"గీ దుబ్బ నీ కాడనే ఉంటనంటాంది అక్కా. పటేలుకు గట్లనే చెప్త."

"నిన్ను కొడ్తడేమోరా."

"కొడ్తె కొట్టనీ. నువ్వు ఫికర్ జెయ్యకు."

పటేలు మళ్లీ బండి పంపలేదు.

వానలు పడ్డాయి. ఒక్క ఎద్దుతోనే దున్నారు, దుబ్బకు అంతే చాలు. పల్లికాయ పీకే రోజున ఒక్కో చెట్టూ కాయలతో సహా, కిందనుంచి ఎవరో అందించినట్టు చేతికొచ్చింది.

మధ్యాహ్నం ఐలేశం జొన్న గటక వండించి తెచ్చాడు. పటేలు చేలల్లో కూర్చుంటే కావలివాడు అదిలిస్తాడని బక్కమ్మ ఎప్పుడూ నిలబడే తినేది. ఇప్పుడూ గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. ఆమె వెనక దుబ్బ మెల్లగా కదిలి, పీటంత ఎత్తు లేచి ఆగింది.

బక్కమ్మ దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరి, కూర్చుని, కడుపునిండా తిన్నది.