బోను చెక్కతో చేసిన బల్ల

నేను ఒక గుండ్రబల్లను. అంతకుముందు కోర్టులో బోనుని. నా అంచు పట్టుకుని అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేసినవాళ్ళు, ఆ చెయ్యి తీయకుండానే అబద్ధం చెప్పారు. విని విని అలిసిపోయాను. కోర్టుకి కొత్త హాలు కట్టినప్పుడు నన్ను ఊడదీశారు. టేకు పారేయడానికి మనసొప్పక, వడ్రంగి చేత గుండ్రంగా కోయించి వెనక గదిలో వేశారు. అది మధ్యవర్తిత్వ కేంద్రం. మొగుడూ పెళ్ళాలు జడ్జి ముందుకి వెళ్ళకుండా మాట్లాడుకుని తేల్చుకునే చోటు. గుండ్రంగా ఉంటే ఎదురుబొదురు ఉండరట. మనుషులకి ఇలాంటి ఆశలు చాలా ఉంటాయి.

ఒకసారి సోమలింగం, నూకరత్నం వచ్చారు. అతనిది బెల్లం వ్యాపారం. ఆమెకి విడాకులు కావాలి, అతనికి ఆమె కావాలి. మధ్యవర్తిగా లాయరు హైమవతి గారు కూర్చున్నారు.

"నానెప్పుడైనా చెయ్యి చేసుకున్నానా? అడగండి మేడం."

"చేసుకోలేదమ్మా వారు," అంది నూకరత్నం. "కూరలో ఉప్పు తగ్గితే కంచం గోడకి ఇసిరీవారు. ఆ గోడ కడిగింది నానే."

"నాకు కాదమ్మా, ఆయనకే చెప్పు. పేరు పెట్టి పిలువు. ఇక్కడ పద్ధతి అది."

ఆమె తల అడ్డంగా ఊపింది. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడే నేర్పారు.

హైమవతి గారు ఆమెను బయట కూర్చోబెట్టి అతనితో విడిగా మాట్లాడినప్పుడు సోమలింగం నవ్వాడు. "సూసినారా? నా పేరు నోట రాలేదు. ఇంకా నా పెళ్ళామే అది. ఎక్కడికి పోద్ది?"

వాయిదాలు గడిచాయి. అతను రావడం, నవ్వడం, సంతకం పెట్టకుండా పోవడం. చివరి వాయిదాకి ఎవరో టీ తెచ్చి నా మీద పెట్టారు.

"ఇవాళ తేలకపోతే ఫైలు మళ్ళీ కోర్టుకే పోతుంది," అన్నారు హైమవతి గారు. "అక్కడ ఏళ్ళు పడుతుంది."

"పట్టనీండి. ఇసుగెత్తి అదే వస్తాది."

నూకరత్నం అతని వైపు తిరిగింది.

"సోమలింగం," అంది, వీధిలో పాలవాణ్ణి పిలిచినట్టు. "నన్నొదిలీ. నానింక రాను."

అతని చెయ్యి లేచింది. విసరడానికి కంచం లేదు. ఆ చెయ్యి నా మీద పడింది. గ్లాసు తిరగబడి టీ పారింది.

నూకరత్నం చెయ్యి కొంగు దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది.

అతను ఎదురుచూశాడు. టీ అంచు దాకా వచ్చి అతని పంచె మీద కారింది. అప్పుడు భుజం మీద తువ్వాలు తీసి తనే తుడిచాడు. తుడిచి, "ఎక్కడెట్టాలి సంతకం?" అన్నాడు.

తుడిచే అలవాటు లేని చెయ్యి. మరక ఇప్పటికీ నా మీదే ఉంది.